ఒకే మనిషి, రెండు రకాల గోటి జబ్బు: ఒక కేస్ స్టడీ

రోగి వయసు 44 సంవత్సరాలు. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో, టిఫిన్ సెంటర్‌లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పప్పు కడగడంతో మొదలయ్యే ఆమె పని, చింతపండు పిసకడం, ఉల్లిపాయలు తరగడం, ఇడ్లీ రేకులు తోమడం మీదుగా పదకొండు గంటలకు ముగుస్తుంది. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా అంట్లే. ఎనిమిది నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచేతి మధ్యవేలు గోళ్ళు పాడవుతున్నాయని ఆషాఢమాసంలో మా క్లినిక్‌కు వచ్చారు. ఎనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. చక్కెరకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడుతున్నారు. ఆమె అనుమతితోనే ఈ వివరాలు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే విషయాలను మార్చాను.

"పుప్పిగోళ్ళండి డాక్టరుగారూ, ఎన్ని మందులు వాడినా పోవట్లేదు" అన్నారామె. మన వాడుకలో రంగు మారిన గోరు, పొడిగా రాలే గోరు, మందంగా లేచిన గోరు అన్నీ పుప్పిగోళ్ళే. చాలా సందర్భాల్లో మందుల దుకాణంలోనూ ఆ ఒక్క మాటకే ఒక మాత్ర ఇచ్చేస్తారు. ఈమెకు అలాగే పరీక్ష ఏదీ లేకుండా 150 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు రోజుకొకటి చొప్పున పదిహేను రోజులు ఇచ్చారు. దానితోపాటు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ కలిపిన ఒక ట్యూబు ఇచ్చారు. గోళ్ళు బాగుపడలేదు. ఆ మాత్రలు మింగిన రోజుల్లో రెండుసార్లు తెల్లవారుజామున పనిలో ఉండగా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే, వంటమనిషి బెల్లం ముక్క నోట్లో పెట్టారట. గోళ్ళ గురించి వచ్చిన మనిషి కనుక ఈ సంగతి ఆమె తనంతట తాను చెప్పలేదు. మందుల వివరాలు అడుగుతుంటే బయటపడింది. ఫ్లూకొనజోల్ వాడితే గ్లిమెపిరైడ్ శరీరంలో విరగకుండా ఎక్కువసేపు నిలిచి, రక్తంలో చక్కెరను మరీ కిందికి దించగలదు. ఆ రెండు సందర్భాల్లో ఎవరూ చక్కెర కొలవలేదు కాబట్టి కారణం అదేనని నిరూపించలేను. కానీ ఖాళీ కడుపుతో నాలుగింటికి పనిలో దిగే మధుమేహ రోగికి ఆ మాత్ర అలా ఇవ్వడం ప్రమాదకరమని మాత్రం గట్టిగా చెప్పగలను.

చేతులు చూసినప్పుడు మొదట కనిపించింది గోరింటాకు. పది రోజుల కిందటే పెట్టుకున్నారు, గోళ్ళన్నీ పండిన ఎరుపులో ఉన్నాయి. గోటి అసలు రంగు తెలియాలంటే ఆ ఎరుపు పెద్ద అడ్డంకి. అయినా గోటి మొదళ్ళు దాచలేనంత స్పష్టంగా ఉన్నాయి. ఆ నాలుగు వేళ్ళకూ గోటి మొదట చర్మం ఉబ్బి, నున్నగా మెరుస్తూ, గోటిని అంటిపెట్టుకోకుండా పైకి లేచి ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఉంగరపు వేలికి గోటి మొదట సన్నని పొర, అంటే క్యూటికల్, గోటికి అతుక్కొని కనబడుతోంది. పక్కనే ఉన్న మధ్యవేలికి ఆ పొర ఆనవాలే లేదు. పాడైన గోళ్ళ మీద అడ్డంగా అలల్లాంటి గీతలున్నాయి. నొక్కితే కొద్దిగా నొప్పి, చీము లేదు. కుడి బొటనవేలి గోరు బయటి అంచున దాని పరుపు నుంచి విడిపోయి లేచింది. ఆ లేచిన భాగాన్ని కత్తిరించి తిరగేసి చూస్తే, పైన గోరింటాకు ఎరుపు, అడుగున ముదురు పచ్చ. ఆ ముక్కను గాజు పలక మీద రెండు చుక్కల నీళ్ళలో వేసి కాసేపు ఉంచితే నీళ్ళకు లేత పచ్చరంగు దిగింది. నీటిలో కరిగే ఆ పచ్చరంగు సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా తయారుచేసేది. తడిలో బతికే ఆ సూక్ష్మజీవికి, గోరు లేచి ఏర్పడిన సందు కంటే అనువైన చోటు ఉండదు.

తరవాత చెప్పులు విప్పమన్నాను. కాళ్ళెందుకన్నట్టు చూశారు. చేతి గోళ్ళతో వచ్చిన ప్రతి రోగి కాళ్ళూ చూడాలన్నది నేను ఎన్నడూ తప్పని నియమం. రెండు కాళ్ళ బొటనవేళ్ళ గోళ్ళూ పసుపు కలిసిన గోధుమరంగులో మందంగా పెరిగి, కింద పొడిపొడిగా మడ్డి పేరుకొని ఉన్నాయి. చిటికెనవేలికీ దాని పక్క వేలికీ మధ్య చర్మం నాని తెల్లగా పాలిపోయింది. అరికాళ్ళు రెండూ పిండి చల్లినట్టు పొడిబారి, ఆ పొడి పాదాల అంచుల దాకా చెప్పు ఆకారంలో పాకింది. "అదా, మూడేళ్ళనుంచీ అంతేనండి, వయసుకి వచ్చిన పగుళ్ళు" అన్నారు.

చేతి గోళ్ళదీ కాలి గోళ్ళదీ ఒకే ఫంగస్ అనుకోవడం ఇక్కడ చాలా తేలిక. దుకాణంలో మాత్ర ఇచ్చినవారు అనుకున్నదీ అదే. అనుమానం తీరాలంటే పరీక్షే మార్గం. గోటి జబ్బుతో వచ్చేవారిలో దాదాపు సగం మందికి ఉండేది ఫంగస్ కానే కాదు. సొరియాసిస్, లైకెన్ ప్లానస్ వంటి చర్మవ్యాధులు, దెబ్బ, బిగుతైన చెప్పుల ఒత్తిడి ఇవన్నీ గోటిని అచ్చం అలాగే పాడుచేస్తాయి. నెలల తరబడి కాలేయం మీద భారం వేసే మాత్రలను ఊహ మీద ఆధారపడి రాయడం నాకు సమ్మతం కాదు.

గోటి నమూనా తీసే తీరును బట్టే ఫలితం వస్తుంది. గోటి కొసన ఉండే మురికిని గీకి పంపితే అందులో చచ్చిన ఫంగసో, గాలిలోంచి వాలిన బూజో దొరుకుతుంది. కొసను కత్తిరించి పారేసి, గోటి అడుగున, పాడైన భాగం మంచి భాగాన్ని కలిసే చోటికి వీలైనంత దగ్గరగా గీకాలి. ఫంగస్ బతికి ముందుకు పాకుతున్నది అక్కడే. కాలి గోటి నుంచి అలా తీసిన పొడిని 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తే, అడ్డుగోడలున్న, కొమ్మలుగా చీలిన ఫంగస్ దారాలు స్పష్టంగా కనిపించాయి. చేతి గోళ్ళ నమూనాలో దారాలు లేవు. ఉబ్బిన చర్మం కింద నుంచి తీసినదానిలో మాత్రం కొద్దిపాటి ఈస్టు (దారాలు లేకుండా విడి కణాలుగా ఉండే ఫంగస్) కణాలున్నాయి. నాలుగు వారాల తరవాత కల్చర్‌లో, అంటే నమూనాను సీసాలో పెంచి చూసే పరీక్షలో, కాలి గోటి నుంచి ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్ పెరిగింది. ప్రపంచమంతటా కాలి గోళ్ళ ఫంగస్‌కు అన్నిటికంటే తరచు కారణమయ్యేది ఇదే. సీసాను తిరగేస్తే అడుగున కనబడే ఎరుపును బట్టి దానికా పేరు. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 8.4 శాతం వచ్చింది. కాలేయ పరీక్షలు సరిగ్గా ఉన్నాయి. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో తాకితే పాదాల స్పర్శ బాగుంది; నాడి అందుతోంది.

ఆ విధంగా రోగనిర్ధారణ రెండుగా చీలింది. కాళ్ళది నిజమైన ఫంగస్. చేతులది దీర్ఘకాలిక గోరుచుట్టు, దాని మీద వచ్చిపడిన సూడోమొనాస్.

గోరుచుట్టు అనగానే మనకు గుర్తొచ్చేది రెండు రోజుల్లో వాచి, సలిపి, చీము పట్టే వేలు. అది తక్షణ రకం. గోటి పక్కన ఊడిన తోలును పీకినప్పుడో, ముల్లు గుచ్చుకున్నప్పుడో స్టెఫైలోకోకస్ వంటి బ్యాక్టీరియా లోపలికి పోయి అది వస్తుంది. ఆరు వారాలు దాటి ఉండే దీర్ఘకాలిక రకం దానికి పూర్తిగా భిన్నమైనది. అందులో మూలం సూక్ష్మజీవి కాదు, తడి. ఆమెకు ఇది వివరించడానికి నేను శరీరశాస్త్రం చెప్పలేదు. "అమ్మా, గోదారికి గట్టు ఎలాగో గోటికి ఆ సన్నటి పొర అలాగ. రోజంతా నీళ్ళలో నాని, సబ్బు తగిలి, స్టీలు పీచు రాసుకుని ఆ గట్టు తెగింది. గండి పడిన చోటునుంచి నీళ్ళూ, సబ్బూ, పులుసూ, పిండీ లోపలికి పోతున్నాయి. లోపల చర్మం మండి వాస్తోంది. వాచినకొద్దీ గండి ఇంకా పెద్దదవుతోంది" అన్నాను. ఆమె తన ఉంగరపు వేలినీ మధ్యవేలినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నారు. ఈస్టు, బ్యాక్టీరియా ఆ గండిలోంచి వచ్చి చేరినవే తప్ప గండి కొట్టినవి కావు. 2002లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, దీర్ఘకాలిక గోరుచుట్టు ఉన్న 45 మందిలో కొందరికి ఫంగస్ మాత్రలు, కొందరికి స్టెరాయిడ్ క్రీము ఇచ్చి పోల్చినప్పుడు, క్రీము వాడినవారికే ఎక్కువ మేలు జరిగింది. ఈ జబ్బును సూక్ష్మజీవుల జబ్బుగా కాక, చర్మం రేగి వాచే జబ్బుగా చూడాలని చర్మవైద్యులు నేడు భావించడానికి అటువంటి ఫలితాలే ఆధారం.

చికిత్సలో మొదటి చిక్కు ఇక్కడే ఉంది. చేతులకు స్టెరాయిడ్ కావాలి. అదే స్టెరాయిడ్ కాళ్ళకు తగిలితే ఫంగస్ పెచ్చరిల్లుతుంది. ఆమెకు చదవడం అంతగా రాదు, రెండు ట్యూబులూ చూడటానికి దాదాపు ఒకేలా ఉన్నాయి. అందుకని చేతి ట్యూబుకు ఎర్రదారం, కాలి ట్యూబుకు తెల్లదారం నర్సు చేత కట్టించాం. ఏ దారం దేనికో ఆమె చేత మూడుసార్లు చెప్పించాకే పంపాం.

చేతులకు మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ క్రీము రోజుకు రెండుసార్లు మూడు వారాలు, ఆపైన రోజు విడిచి రోజు. ఈస్టు కోసం క్లోట్రిమజోల్ ద్రావణం. లేచిన గోటి భాగాన్ని పూర్తిగా కత్తిరించి గాలి తగిలేలా చేశాం, ఎందుకంటే తడి ఆరితే సూడోమొనాస్ నిలవలేదు. ఒక పాలు తెల్ల వెనిగర్‌కు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి, బొటనవేలిని రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ముంచి, తరవాత పూర్తిగా తుడిచి ఆరబెట్టమన్నాను.

కాళ్ళకు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి పన్నెండు వారాలు; అరికాళ్ళకూ వేళ్ళ సందులకూ అదే మందు క్రీముగా. మరో ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ ఇవ్వకపోవడానికి కారణం ఆమె వాడుతున్న అటోర్వాస్టాటిన్. ఆ రెండూ కలిస్తే అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరిగి కండరాలు దెబ్బతినే అవకాశముంది. ఫ్లూకొనజోల్ సంగతి ముందే చెప్పాను. నాలుకకు రుచి తెలియకపోయినా, మూత్రం ముదురురంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా మాత్ర ఆపి వెంటనే రమ్మన్నాను. ఈ మోతాదులు ఈమె పరీక్షలు, ఈమె వాడే ఇతర మందులు చూసి నిర్ణయించినవి. కాలేయ జబ్బు ఉన్నవారికి టెర్బినాఫిన్ మాత్ర ఇవ్వకూడదు. చక్కెర మందులు సవరించమని ఆమెను చూసే ఫిజీషియన్‌కు ఉత్తరం రాశాను.

అయితే మందులన్నీ ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. అంట్లు తోమి బతికే మనిషికి "చేతులు తడపకండి" అని చీటీ రాసి ఇవ్వడం వైద్యం కాదు. రబ్బరు తొడుగులు వేసుకోమని ఊరుకున్నా చాలదు. వాటి లోపల చెమట పట్టి చెయ్యి నానిపోతుంది. లోపల నూలు తొడుగు, పైన మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగు, ఇరవై నిమిషాలకోసారి విప్పి చేతులు ఆరబెట్టుకోవడం, చెమటకు తడిసిన నూలు తొడుగు మార్చుకోవడం: ఈ నాలుగూ కలిస్తేనే ఫలితం. నూలు తొడుగులు మూడు జతలు కొని, రోజూ ఉతికి ఎండలో వెయ్యమన్నాను. టిఫిన్ సెంటర్ యజమానికి ఆమె చేతే ఫోను చేయించి మాట్లాడాను. ఉదయం పూట ఆమెను పార్శిళ్ళు కట్టే పనికి మార్చడానికి ఆయన ఒప్పుకున్నారు. సాయంత్రం అంట్లు మాత్రం తప్పవన్నారు. దానితో ఆమె చేతులు తడిలో ఉండే సమయం సగానికి తగ్గింది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా బాగా పనిచేసిన మందు ఆ ఫోను.

రెండు వారాలకు పచ్చరంగు కొత్తగా పెరగడం ఆగింది. ఆరు వారాలకు వాపు సగం పైన తగ్గింది, కాలేయ పరీక్షలు మళ్ళీ సరిగ్గా వచ్చాయి. ఇక్కడ గోరింటాకు అనుకోని సాయం చేసింది. మొదట గోటి రంగును దాచిన ఆ ఎరుపే తరవాత కొలబద్ద అయింది: గోటితోపాటు ఎర్రగీత ముందుకు జరిగింది, దాని వెనక వస్తున్న గోరు దాదాపు అంతా చికిత్స మొదలయ్యాక పుట్టినదే. చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది. ఆరు వారాలకు ఎర్రగీత గోటి మొదలుకు 5 మి.మీ. దూరం జరిగింది, ఆ మేరలో అడ్డు అలలు లేవు. అది ఆమె తన కళ్ళతో చూసుకోవడం నా మాటలకంటే ఎక్కువ ధైర్యమిచ్చింది.

దసరాకు పరిస్థితి మళ్ళీ చెడింది. టిఫిన్ సెంటర్‌లో రద్దీ, ఇద్దరు పనివాళ్ళు ఊరెళ్ళారు. నాలుగు రోజులు తొడుగులు లేకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా తోమారు. ఐదో రోజు కుడి చూపుడువేలు ఎర్రగా వాచి, రాత్రంతా సలిపి నిద్రపట్టక వచ్చారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అనే సామెతకు అచ్చమైన రూపం అది: మానుతున్న దీర్ఘకాలిక గోరుచుట్టు మీద తక్షణ గోరుచుట్టు. రాత్రి నిమ్మకాయకు చిల్లి పెట్టి అందులో వేలు దూర్చుకున్నారు. మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఆ పద్ధతి వేలిని కదలకుండా పట్టి ఉంచి కొంత ఊరటనిస్తుందేమో గాని, చర్మం తెగిన చోట నిమ్మరసం మంటను పెంచుతుంది. చీమును బయటకు తీయదు. గోటి పక్కన పసుపురంగులో చీము కనిపిస్తోంది. చర్మాన్ని గోటి నుంచి సన్నని పరికరంతో కొద్దిగా ఎత్తగానే చీము వచ్చేసింది, అప్పటికప్పుడే సలుపు తగ్గింది. గోరువెచ్చని నీళ్ళలో రోజుకు మూడుసార్లు ముంచి ఆరబెట్టడం, మధుమేహం ఉన్నందున సెఫాలెక్సిన్ అనే యాంటీబయోటిక్ ఐదు రోజులు. వారానికి మానింది. అటువంటి వేలి మీద చీముకు బదులు గుంపుగా చిన్న నీటి పొక్కులు కనిపిస్తే మాత్రం కోయకూడదు. అది హెర్పిస్ వైరస్ కావచ్చు, కోస్తే ముదురుతుంది.

అదే రోజుల్లో టెర్బినాఫిన్ పన్నెండు వారాలూ పూర్తయ్యాయి. "ఇన్ని మాత్రలు మింగినా కాలిగోరు అలాగే ఉందండి" అని ఆమె నిరాశపడ్డారు. చికిత్స మధ్యలో మానేసేవారు, చికిత్స పనిచేయలేదని మరో చోట మళ్ళీ మాత్రలు మొదలుపెట్టేవారు ఎక్కువగా ఇక్కడే దారితప్పుతారు. కాలి గోరు నెలకు 1 నుంచి 1.5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పాడైన గోరు మందుతో మంచి గోరుగా మారదు. అది కొసకు జరిగి కత్తిరింపులో పోవాలి. మాత్ర ఆపిన తరవాత కూడా మందు గోటిలో నెలల తరబడి నిలిచి పనిచేస్తూనే ఉంటుంది. మొదటి రోజే పాడైన చోటికీ మంచి చోటికీ మధ్య ఆకురాయితో ఒక చిన్న గాటు పెట్టి ఉంచాను. ఆ గాటు వెనక నాలుగు మిల్లీమీటర్ల శుభ్రమైన గోరు వచ్చిందని స్కేలు పెట్టి చూపించాను. గాటును దాటి పసుపు వెనక్కి పాకి ఉంటే చికిత్స విఫలమైనట్టు, ఆమెకు పాకలేదు.

తిరగబెట్టకుండా చూడటమే కాలి ఫంగస్‌లో కష్టమైన పని. ఆమె భర్త పాదాలు కూడా చూశాను. ఖరీఫ్‌లో వరినాట్లకూ కలుపుకూ రోజంతా మడిలో దిగే మనిషి. వేళ్ళ సందులన్నీ నాని తెల్లబడి ఉన్నాయి, పొడిలో అదే రకం దారాలు. ఒకే స్నానాల గది, ఒకే గోళ్ళ కత్తెర, ఇంట్లో తిరిగే ఒకే జత చెప్పులు. ఆయనకు చికిత్స చేయకుండా ఈమెకు చేస్తే నీళ్ళు తోడుతూ ఇంకో పక్క పోస్తున్నట్టే. ఇద్దరికీ వేరువేరు కత్తెరలు, పాత చెప్పులు పారేసి కొత్తవి, స్నానం తరవాత కాలి వేళ్ళ సందులను పొడిగుడ్డతో ఒక్కొక్కటిగా తుడవడం, అరికాళ్ళు పొడిబారడం మళ్ళీ మొదలైతే వెంటనే క్రీము. కాలి గోటి ఫంగస్ సాధారణంగా పాదాల చర్మం నుంచే గోటికి పాకుతుంది కనుక, చర్మం మీద ఉండగానే పట్టుకుంటే రెండు మూడు వారాల క్రీముతో పోయేదానికి పన్నెండు వారాల మాత్రలు అక్కరలేదు. మందమైన గోళ్ళను నానబెట్టి అడ్డంగా తిన్నగా కత్తిరించాలి. మధుమేహం ఉన్నవారు బ్లేడుతో మూలలు తవ్వుకోవడం ఎంతమాత్రం తగదు, ఆ చిన్న గాయమే పాదం మీదికి తెస్తుంది. చేతి గోళ్ళ విషయంలో, క్యూటికల్‌ను మురికి అనుకొని బ్యూటీ పార్లర్లలో వెనక్కి నెట్టించుకుని కత్తిరించుకునే అమ్మాయిల్లో, అంట్ల తొట్టి చూడకపోయినా, ఇదే గోరుచుట్టును తరచు చూస్తున్నాను. ఒకే గోటి మీద మొదలు నుంచి కొస దాకా కొత్తగా నల్లని చార వచ్చి వెడల్పు అవుతుంటే అది ఈ జబ్బుల కోవలోది కాకపోవచ్చు. క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి.

పన్నెండో నెలలో, మళ్ళీ ఆషాఢంలో వచ్చారు. చేతి నాలుగు వేళ్ళలో మూడింటికి క్యూటికల్ తిరిగి అతుక్కుంది. కుడి చూపుడువేలికి ఒక పక్క ఇంకా పట్టలేదు. కుడికాలి బొటనవేలి గోరు శుభ్రంగా ఉంది. ఎడమదానికి కొసన రెండు మిల్లీమీటర్ల పసుపు మిగిలింది, దాని పొడిలో ఫంగస్ దారాలు కనిపించలేదు. హెచ్‌బీఏ1సీ 7.2. గోరింటాకు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోమన్నాను, ఆ చూపుడువేలు ఒక్కటీ వదిలేసి. పై వారం క్రీము చీటీ మార్చుకోవడానికి వచ్చినప్పుడు తొమ్మిది గోళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి, చూపుడువేలు మాత్రం నాకు కనబడేలా ఖాళీగా ఉంది.